పన్నెండు పాయింట్ ఆరు

హిల్స్‌బరో, కారియాకు దీవి
సెప్టెంబర్ 6

అక్కా,

నువ్వు వెర్నెల్‌కి పంపిన నీలం గౌను శుక్రవారం సరుకుల పడవలో వచ్చింది. భుజాల దగ్గర బిగుతైంది. నీ కూతురు నువ్వు చివరిసారి చూసిన పిల్ల కాదిప్పుడు. పదిహేనేళ్ళు నిండాయి, నా చెవి దాటి పెరిగింది. కుట్లు విప్పి వదులు చేస్తానులే.

బడి తెరిచి వారమైంది. ఈ ఏడు మ్యాపు పాఠాన్ని పుస్తకంలోంచి చెప్పకూడదనుకున్నాను. అక్షాంశాలు అడ్డగీతలు, రేఖాంశాలు నిలువుగీతలు అని పదిహేనేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను, పరీక్షలో సగంమంది తారుమారు చేసి రాస్తూనే ఉన్నారు. అందుకని కిరాణా కొట్టువాళ్ళు ఏటా పంచే తుఫాను పటాలు ముప్పై అడిగి తెచ్చాను. తుఫాను ఎక్కడుందో రేడియోలో రెండు అంకెలు చెబుతారు కదా, అవి రాసుకొచ్చి పటం మీద చుక్క పెట్టాలి. మర్నాడు ఇంకో చుక్క. చుక్కలు కలుపుకుంటూ పోవాలి. అంతే పాఠం.

మొదటి తుఫాను మన దాకా రాకుండానే ఉత్తరానికి తిరిగి నడిసముద్రంలో చల్లారిపోయింది. "మన తుఫాను చచ్చిపోయింది టీచర్" అని క్లాసంతా దిగాలు పడింది. నవ్వాను గానీ, తర్వాత ఆలోచనలో పడ్డాను. తుఫాను రావాలని కోరుకునే పిల్లల్ని తయారుచేస్తున్నానా?

వెర్నెల్ సంగతి చెప్పాలి. మిగతావాళ్ళ చుక్కలు వెనిజులా కొండల మీద పడుతుంటే, మన పిల్ల స్కేలు కూడా లేకుండా, గడిని కంటితోనే పది భాగాలు చేసుకుని పెట్టేస్తుంది. ఒక్కటీ తప్పదు. అది ఉండేది నాన్న దగ్గరే కనుక, ఆయన సముద్రపు పటం మీద కూడా పెట్టి చూడమన్నాను. "మీ పిన్ని తుఫాన్లు కాగితం మీదొస్తాయి, నావి నీళ్ళ మీదొస్తాయి" అన్నాడట. అలా అన్నా, పటం పరిచి, పెన్సిల్ చెక్కి ఇచ్చాడట.

నీ దగ్గర దాచడమెందుకు, కావాలనే పంపాను. నేను చదివిన చదువు ఒక్కసారైనా నాన్నకి పనికొచ్చినట్టు కనబడాలని.

జనవరిలో గ్రెనడా కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంది. అది రాస్తుంది, పాసవుతుంది. ఈ రెండేళ్ళూ దాన్ని ట్రినిడాడ్ రమ్మని అడగకు.

నీ చెల్లెలు
లిరిస్

*

పోర్ట్ ఆఫ్ స్పెయిన్
సెప్టెంబర్ 16

ఏమే పంతులమ్మా,

ఆస్పత్రి వంటింట్లో మూడొందల మందికి గంజి కాచి వచ్చి, బల్ల మీద ఒక మోచెయ్యి ఆన్చుకుని రాస్తున్నా. అక్షరాలు బాగాలేవని దిద్ది పంపకు.

ఆ పటాన్ని నాన్న అమ్మని కూడా తాకనిచ్చేవాడు కాదు. దాని మీద నేను కప్పు పెట్టానని ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. అలాంటివాడు నా కూతురికి పెన్సిల్ చెక్కి ఇచ్చాడంటే, ముసలాడు మెత్తబడుతున్నాడు. దాన్ని జాగ్రత్తగా పెట్టమను చుక్కలు.

ఇక్కడ సెలెస్టిన్ దొరసాని కుట్టుగదిలో ఒక పిల్లకి చోటుంది. "నా కూతురొస్తుంది, కాస్త ఆగండమ్మా" అని మార్చి నుంచి చెబుతున్నా. నువ్వేమో కాలేజీ అంటున్నావు. నాకూ ఉండదా అది చదవాలని? కానీ నా కూతురు నీ ఇంటికీ నాన్న ఇంటికీ మధ్య పెరుగుతోంది, నేను గౌన్ల కొలతలు కూడా తప్పుతున్నా. సరే, పరీక్ష రాయనీ. పాసైతే నీది, తప్పితే నాది.

కందులు పంపావు, సంతోషం. చేప ఎండనివ్వకుండానే మూట కట్టావు. దారిలో కంపు కొట్టి పడవవాళ్ళు నన్ను తిట్టారు.

అడీనా

*

హిల్స్‌బరో
అక్టోబర్ 1

అక్కా,

నాన్న బతికే ఉన్నాడు. వెర్నెల్‌కి దెబ్బలేమీ తగల్లేదు. ముందు ఈ రెండూ చదివి, కూర్చుని మిగతాది చదువు.

నాన్న పడవ *లవీనియా* ఇక లేదు. శనివారం మధ్యాహ్నం రాళ్ళ మీదికి కొట్టుకొచ్చి ముక్కలైంది. అమ్మ పేరు రాసిన చెక్క ఒక్కటే సగం దొరికింది. నాన్న కుడికాలు తొడ దగ్గర విరిగింది. ఆయన ఇంటి పైకప్పు ఎగిరి చెరకుతోటలో పడింది. ఇద్దరినీ నా ఇంటికి తెచ్చుకున్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. తుఫాను వస్తోందని శుక్రవారం అందరూ పడవల్ని మడ అడవిలోకి లాక్కుపోయారు. మామూలేగా, ఏ ఇంటివాళ్ళు తాతలనాటి నుంచి ఏ చెట్టు వేళ్ళకి కడుతున్నారో ఆ వేళ్ళకే. మన వేళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి. "ఓబడయా, రావా?" అని పక్క పడవలోంచి కాంప్టన్ కేకేస్తే, "నా మనవరాలు లెక్క కట్టింది. అది దక్షిణంగా పోతోంది. కొత్తగా రంగేసిన పడవని ఆ బురదలో ఎందుకు పొర్లించడం?" అన్నాడట నాన్న.

నీకు తెలియందేముంది. తుఫాను మనకి దక్షిణంగా పోతే గాలి తూర్పు నుంచి వస్తుంది, పడమటి ఒడ్డున బేలో ఉన్న పడవకి కొండ అడ్డుంటుంది. ఉత్తరంగా పోతే గాలి పడమటి నుంచి నేరుగా బేలోకే దూరుతుంది. ఇది ఉత్తరంగా పోయింది. పైగా సాయంత్రం వస్తుందనుకున్నది భోజనాల వేళకే వచ్చింది. నాన్న అప్పుడు పడవ మీదే ఉన్నాడు, రెండో లంగరు వేస్తూ. వెర్నెల్ ఒడ్డున తాడు పట్టుకుని నిలబడింది. కాంప్టన్, అతని అన్నదమ్ములు నాన్నని ఈడ్చుకొచ్చారు. పిల్ల అరచేతులు తాడుకి ఒరుసుకుపోయాయి. దెబ్బల్లేవని పైన రాశాను కదా, అది తప్పు. కొట్టేయడం లేదు, ఉండనీ.

బేలో పోయింది ఆ ఒక్క పడవే.

లిరిస్

*

పోర్ట్ ఆఫ్ స్పెయిన్
అక్టోబర్ 13

లిరిస్,

మూడుసార్లు చదివాను. వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పని నేనే అడిగి తీసుకున్నా, ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు కదా.

నాన్నకి మతి పోయిందా? అరవై ఏళ్ళు సముద్రం తిన్న మనిషి, పదిహేనేళ్ళ పిల్ల పెట్టిన చుక్క చూసి పడవని బేలో వదిలేస్తాడా? దాన్ని అనేముంది, పిల్లది. అయినా అన్నాను. ఒక్క పని చెబితే మనసు పెట్టి చెయ్యదు, అంకెలు సరిగ్గా రాసుకుని ఉండదు, ఎక్కడో దిక్కులు చూస్తూ విని ఉంటుంది. దానికి వేరే ఉత్తరం రాశాను. గట్టిగానే రాశాను. అమ్మ పేరు పెట్టిన పడవే అది. మనం చిన్నప్పుడు దాని పక్క చెక్కల మీద పడుకుని తారు వాసన పీల్చేవాళ్ళం.

పొరపాటు ఎక్కడ జరిగిందో కనుక్కుని రాయి. నువ్వు టీచరువి, నీకు తెలుస్తుంది.

అడీనా

*

హిల్స్‌బరో
నవంబర్ 4

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. బడి పైకప్పు కూడా సగం పోయింది. చింతచెట్టు కింద రెండు క్లాసులు కలిపి చెబుతున్నాం.

ఇంట్లో ముగ్గురం ఉన్నాం, మాటలు మాత్రం ఒక్కరికి సరిపోయేటన్ని కూడా లేవు. నాన్న కాలు చెక్కల మధ్య కట్టించుకుని కిటికీ దగ్గర పడుకుంటాడు. వెర్నెల్ ఆయనకి అన్నీ చేస్తుంది. మొక్కజొన్న ముద్ద కలిపి పెడుతుంది, గడ్డం గీస్తుంది. ఆయన దాని మొహం చూడడు. గిన్నె అందుకుని గోడకేసి తిరుగుతాడు. మొన్న అది "తాతా, నీళ్ళు చాలా?" అని అడిగితే, "చాలని మీ పిన్నికి చెప్పు" అన్నాడు. ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా లేదు.

బడిలో పిల్లలు దాన్ని 'తుఫాను పంతులమ్మ' అంటున్నారు. మందలించాను. అది మాత్రం ఏమీ పట్టనట్టే ఉంటుంది. మ్యాపు క్లాసులో కూర్చుంటుంది, పెన్సిల్ మాత్రం తియ్యదు.

నువ్వు అడిగిన దానికి. దాని నోటుబుక్కు చూశాను, రేడియో అంకెలు సరిగ్గానే రాసుకుంది. నాన్న పటం ఇంటి శిథిలాల్లో దొరికింది, ఆరబెట్టి దాచాను. తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు ఎవరు మాత్రం చెప్పగలరు. ఆ రోజుల్లో ఎవరి బుర్ర సరిగ్గా ఉంది.

నువ్వు దానికి రాసిన ఉత్తరం చదివాక, ఆ పూట మేకల్ని కట్టెయ్యడానికి వెళ్ళి చీకటి పడ్డాక గానీ రాలేదు. ఇంకొంచెం మెత్తగా రాసి ఉంటే బావుండేది.

లిరిస్

*

పోర్ట్ ఆఫ్ స్పెయిన్
నవంబర్ 22

చెల్లీ,

మెత్తగా రాయాల్సింది. ఒప్పుకుంటున్నా. దానికి జవాబు వచ్చింది, ఒక్క వరుస. "తప్పు నాదే అమ్మా, నేను నీ దగ్గరికి వస్తాను."

ఇన్నేళ్ళలో అది వస్తాననడం ఇదే మొదలు. ఈ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో నీకు తెలుసు. ఇప్పుడొచ్చిందేమో ఇలా వచ్చింది. పరీక్ష సంగతి అడుగుతావు. నేనూ అడిగా. రాయదట. గీతలూ చుక్కలూ ఇక వద్దట. నాన్న దాన్ని పలకరించకపోతే, ఊళ్ళో పేర్లు పెట్టి పిలుస్తుంటే, ఆ ఇంట్లో ఎట్లా ఉంచమంటావు? క్రిస్మస్ ముందు పడవకి పంపు. సెలెస్టిన్ దొరసానికి చెప్పేశా.

నీకు నచ్చదని తెలుసు. కాదనడానికి నీ దగ్గర కారణమేదైనా ఉంటే రాయి. ఉంటే పంపొద్దు.

అడీనా

*

హిల్స్‌బరో
డిసెంబర్ 18

అక్కా,

ఈ ఉత్తరం వెర్నెల్ చేతికే ఇచ్చి పంపుతున్నాను. సంచిలో కందులు, గోగుపూల పానకం రెండు సీసాలు, బాగా ఎండిన చేప ఉన్నాయి. నీలం గౌను వదులు చేశాను, సరిపోతుంది.

తుఫాను గురించి దాన్ని ఏమీ అడగకు.

పరీక్ష దరఖాస్తు నా బల్ల మీదే ఉంది. టీచరు సంతకం చేశాను, అది చెయ్యలేదు. నిన్న పెట్టె సర్దుకుంటూ ఒకసారి నా గదిలోకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "పిన్నీ, నాకేమన్నా చెప్పాలా?" అని అడిగింది. "చలిగాలికి పడవ లోపలే కూర్చో" అన్నాను. "సరే" అని వెళ్ళిపోయింది.

లిరిస్

*

హిల్స్‌బరో
జనవరి 19

అక్కా,

నవంబర్ 4న నీకొక అబద్ధం రాశాను. తప్పు ఎక్కడ జరిగిందో నాకు అప్పటికే తెలుసు. పటం ఆరబెట్టిన రోజే తెలిసింది.

రేడియోలో అంకెలు పాయింట్లలో చెబుతారు. పన్నెండు పాయింట్ ఆరు అంటే పన్నెండు డిగ్రీలూ, ఇంకో డిగ్రీలో పదింట ఆరు వంతులూ. కిరాణా కొట్టు పటంలో ఉన్నవి ఉత్త గడులు, వాటి మీద ఇది సరిపోతుంది. నాన్న సముద్రపు పటంలో డిగ్రీకి అరవై చిన్న గీతలు, వాటినే నిమిషాలంటారు. పన్నెండు పాయింట్ ఆరు అక్కడ పన్నెండు డిగ్రీల ముప్పై ఆరు నిమిషాలవుతుంది. వెర్నెల్ ఆరో నిమిషం దగ్గర పెట్టింది. తుఫాను ఉన్నచోటికి ముప్పై మైళ్ళు దక్షిణంగా. రెండో అంకెలోనూ, అంటే రేఖాంశంలోనూ, అదే తప్పు. దానివల్లే పటం మీద తుఫాను నాలుగు గంటలు వెనకబడింది.

ఆ తప్పు పిల్లది కాదు. నిమిషాల పాఠం నేను చెప్పలేదు. పుస్తకంలో ఉంది. "ఆ గొడవ వచ్చే టర్ములో చూద్దాం" అని పేజీ తిప్పేశాను. తిప్పేసి, ఆ పిల్లని నాన్న పటం దగ్గరికి పంపాను. ఎందుకు పంపానో నీకు అప్పుడే రాశాను.

మరి ఎందుకు చెప్పలేదు? నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదట, నాన్న నొప్పుల్లో ఉన్నాడు, తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత, చెప్పినా పడవ తిరిగి రాదు కదా అనుకున్నాను. అసలు కారణం ఇవేవీ కావు. 'కాగితపు తుఫాను' అని ఆయన అనబోయే మాటని వినలేకపోయాను. నా నలభై మూడేళ్ళ వయసులో, మా నాన్న నన్ను వెక్కిరిస్తాడని భయపడి ఒక పిల్ల నెత్తిన పడవ బరువు పెట్టాను. నువ్వు నవంబర్‌లో కారణముంటే రాయమన్నావు. నా దగ్గర కారణం ఉంది. రాయలేదు.

పోయిన సోమవారం ఆ పటాన్ని క్లాసుకి తీసుకెళ్ళి చెట్టుకి తగిలించాను. నిమిషాల పాఠం దాంతోనే చెప్పాను. "అయితే టీచర్, పడవ పోయింది మీ మూలానా?" అని ఒక పిల్ల అడిగింది. అవునన్నాను. ఎవరూ నవ్వలేదు.

పరీక్ష 24న. ఈ ఉత్తరం శుక్రవారం పడవకి అందితే దాన్ని వెంటనే పంపెయ్. దరఖాస్తు నా దగ్గరే ఉంది, సంతకం ఇక్కడికొచ్చి చెయ్యొచ్చు. ఇది వెర్నెల్‌కి చదివి వినిపించు. క్షమించమని అడగడానికి కాదు. తప్పు దానిది కాదని దానికి తెలియాలి.

లిరిస్

*

పోర్ట్ ఆఫ్ స్పెయిన్
ఫిబ్రవరి 1

లిరిస్,

నీ ఉత్తరం 26న అందింది. పడవ ఇంజను పాడై నాలుగు రోజులు గ్రెనడాలో ఆగిపోయిందట.

చదివి వినిపించా. కుట్టుగది నుంచి వచ్చి, గౌను మీది దారప్పోగులు ఏరుకుంటూ విన్నది. అంతా విని, "తెలుసమ్మా" అంది.

దానికి అక్టోబర్‌లోనే తెలుసట. నువ్వు పటం పరుపు కింద పెట్టడం చూసిందట. నువ్వు బడికెళ్ళాక తీసి, బడి పటం పక్కన పెట్టి చూసుకుందట. "మరి నోరెందుకు విప్పలేదే" అన్నా. "పిన్ని చెబుతుందనుకున్నా. చెబితే తనే చెప్పాలి, నేను చెబితే తప్పు తన మీదికి తోసినట్టుంటుంది. రోజూ ఈ రోజు చెబుతుందిలే అనుకునేదాన్ని. పడవెక్కే ముందు అడిగి కూడా చూశా" అంది. గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది. నిన్న ఎంత ఉప్పేశావు అని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

నిన్ను నాలుగు మాటలు అనాలని కాగితం తీశా. నేనూ దానికి ఏం రాశానో గుర్తొచ్చింది. ఇంక నువ్వూ నేనూ ఏ మొహం పెట్టుకుని ఒకరినొకరు అనుకుంటాం?

వచ్చే ఏడు పరీక్ష రాస్తావా అని అడిగా. చూద్దామంది. దొరసాని దానికి గుండీ కాజాలు అప్పజెప్పింది. చెయ్యి బాగా నిలుస్తుందని మెచ్చుకుంటోంది. ఆ చెయ్యి ఎక్కడ కుదిరిందో నాకు తెలుసు.

తర్వాత ఒక్కటే అడిగింది. "తాతకి చెప్పిందా?" అని. నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశా. క్లాసుకి చెప్పానన్నావు, నాకు చెప్పావు. నాన్న మాట ఎక్కడా లేదు.

చెప్పావా?

అడీనా

*

హిల్స్‌బరో
ఫిబ్రవరి 15

అక్కా,

చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున చెప్పాను.

నాన్న ఇప్పుడు కర్రతో లేచి నాలుగడుగులు వేస్తున్నాడు. గుమ్మంలో కూర్చుని టీ తాగుతుంటే పటం తెచ్చి ఆయన ఒళ్ళో పరిచాను. పాయింట్లూ నిమిషాలూ వివరించబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"నాకు చెబుతావా నిమిషాలు?"

ఇక వెక్కిరిస్తాడనుకున్నాను. ఆయన గోటితో ఒకచోట తాకాడు. గురువారం చుక్కకీ శుక్రవారం పొద్దుటి చుక్కకీ మధ్య. తుఫాను పదకొండు పాయింట్ తొమ్మిది నుంచి పన్నెండు పాయింట్ రెండుకి వచ్చిన చోటు అది. నిజానికి కొంచెమే జరిగింది. పటం మీద మాత్రం తొమ్మిదో నిమిషం నుంచి ఒక్క ఊపున డిగ్రీ గీత దాటింది.

"ఇది చూశావా? ఏ తుఫానూ మేకలాగా ఇట్లా గెంతదు. అరవై ఏళ్ళు తిరిగినోణ్ణి, ఆ మాత్రం తెలీదా నాకు? అప్పుడే చూశా. ఇదేందే అని అడగబోయా. అది పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, నేనేమంటానా అని నా మొహంలోకే చూస్తా నిలబడింది. ఇంతమంది మొగపిల్లల్ని పడవెక్కించా, ఒక్కడికీ లేదు ఆ చెయ్యి. బాగుందన్నా. అంతే, అడగలా."

"మరి దాంతో ఎందుకు మాట్లాడలేదు నాన్నా?"

"ఏమని మాట్లాడను? నా పటం మీద, నా కళ్ళ ముందర జరిగింది. నేను చూసి వదిలేశా. దాని చేతులకి కట్లు కట్టి ఉంటే ఆ మొహం చూడలేకపోయా." పటం మడుస్తూ, "కోపమనుకుందా?" అన్నాడు.

"అందరం అలాగే అనుకున్నాం."

టీ చల్లారిపోయింది. వేరే కలిపి తెస్తానంటే వద్దన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు అక్కా. నాలుగు నెలలు నేను భయపడిన మాట ఆయన నోట్లో అసలు లేనేలేదు. అక్టోబర్‌లోనే చెప్పి ఉంటే ఆయనా అక్టోబర్‌లోనే చెప్పేవాడు. వెర్నెల్ ఇక్కడే ఉండేది.

మధ్యాహ్నం పిలిచి, "కాగితం తే, దానికి రాద్దాం. నేను చెబుతా, నువ్వు రాయి" అన్నాడు. "వెర్నెల్" అని చెప్పాడు, రాశాను. ఆ తర్వాత చాలాసేపు బే వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను కలం పట్టుకుని ఎదురుచూశాను. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాగితం మీద చెప్పే మాట కాదు. పడవుంటే ఈ వారమే పోయి చెప్పేవాణ్ణి."

ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. పేరొక్కటే ఉంది. దానికి ఇవ్వు.

లిరిస్